టేబుల్ మీద ఫోన్ నెంబర్ల పెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మాది మోటారు వైండింగు షాపు. కౌంటర్ మీద బిల్లు బుక్కు పక్కన ఒక చిన్న చెక్క పెట్టె ఉంటుంది, దాన్నిండా ఫోన్ నెంబర్ల కార్డులు. షాపుకి వచ్చిన ప్రతి మూడో మనిషీ దాన్ని ఒకసారి వేలితో గీకి "ఇదేంది అన్నా" అంటాడు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇంతకీ ఇది ఏంటి?

ఒక పెట్టె, అందులో నిలబెట్టిన అట్ట కార్డులు, మధ్య మధ్యలో అక్షరాలు రాసిన ఎత్తు కార్డులు, వాటినే ట్యాబులు అంటున్నాను. ఒక మనిషికి ఒక కార్డు. అంతే. బ్యాటరీ లేదు, పాస్‌వర్డ్ లేదు.

నెంబర్లన్నీ సెల్లులోనే ఉన్నాయి కదా, మళ్ళీ ఈ పని ఎందుకు?

నేనూ అలానే అనుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున మా నాన్నకి షాపులోనే కళ్ళు తిరిగి పడిపోయాడు, ఆస్పత్రిలో చేర్చాం, రెండు రోజులు మనిషి మగతలో ఉన్నాడు. ఆయన ఫోను నా చేతిలోనే ఉంది గానీ ప్యాటర్న్ లాక్, ఆ గీతలు ఆయనకు తప్ప ఎవరికీ తెలియవు. రాగి తీగ తెచ్చే ఆయనకి ఫోన్ చేయాలి, పాకాల నుంచి మోటారు కోసం వస్తానన్న రైతుని రావద్దని చెప్పాలి, పైన పోర్షన్లో అద్దెకున్న వాళ్ళకి నీళ్ళ మోటారు సంగతి చెప్పాలి. ఒక్క నెంబరు తెలియదు. ఫోన్ మోగినప్పుడల్లా ఎత్తి, ఎవరో కనుక్కొని, ఒక అట్ట ముక్క మీద రాసుకున్నాను. మూడో రోజుకి ఆయన లేచి కూర్చుని మొదట అడిగింది "సీనన్నకి చెప్పినావా?" అని. ఏ సీనన్న? నాకు తెలిసి నలుగురున్నారు.

ఆ అట్ట ముక్కే ఈ పెట్టెకి మొదటి కార్డు. ఫోను దాని ఓనరుకి బాగానే పనికొస్తుంది, ఇంట్లో మిగతావాళ్ళకి పనికిరాదు. ఈ పెట్టె వాళ్ళ కోసం.

డైరీ చాలదా? వెనక పేజీల్లో టెలిఫోన్ ఇండెక్స్ ఉంటుంది కదా?

ఉంటుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో పేజీ ఇచ్చి ఉంటాడు. ఒక పేజీ ఆర్నెల్లలో నిండిపోతే మార్జిన్లో అడ్డంగా రాస్తాం, ఇంకో పేజీ పదేళ్ళయినా తెల్లగా ఉంటుంది. పైగా నెంబరు మారిందంటే కొట్టివేత, దాని మీద మళ్ళీ కొట్టివేత, చివరికి ఏది ఉన్నదో ఏది పోయిందో రాసినవాడికే తెలియాలి. కార్డయితే ఆ ఒక్కటీ తీసి మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి. 2021 నవంబరు వానలు ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. మా షాపులో మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి, కింది అరలో ఉన్న నాన్న డైరీ మొత్తం ఊరిపోయింది. ఎండబెట్టి చూస్తే జెల్ పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలు. బాల్‌పెన్నుతో, పెన్సిల్‌తో రాసినవి మాత్రం చక్కగా చదవడానికొచ్చాయి.

కార్డు ఏ సైజులో కోయించాలి?

ఏ4 షీటుని ఎనిమిది ముక్కలు చేయండి. సగం, మళ్ళీ సగం, ఇంకోసారి సగం. ఒక్కోటి 74 మిల్లీమీటర్లు, 105 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలుగా లైబ్రరీ కార్డంటే ఐదంగుళాలు, మూడంగుళాలు. నేనూ మొదట అదే అనుకున్నా గానీ ఆ లెక్కన ఏ4లో నాలుగైదే వస్తాయి, మిగిలిందంతా చెత్తబుట్టకే. ఎనిమిది ముక్కల పద్ధతిలో పేలిక కూడా మిగలదు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, జిరాక్స్ దగ్గర చెప్తాను.

అట్ట 300 జీఎస్ఎం అడగండి. పల్చగా ఉంటే నెల తిరక్కుండానే నడుము వంచేస్తాయి. కత్తెరతో మాత్రం కోయొద్దు. బైండింగు షాపులో కటింగ్ మిషన్ కింద పెట్టి ఒక్క దెబ్బకి కోయించండి, ఎందుకంటే పై అంచులు అన్నీ ఒకే ఎత్తులో లేకపోతే వేలు పొట్టి కార్డుని దాటుకుని పోతుంది, ఆ కార్డు పెట్టెలో ఉన్నా లేనట్టే.

పెట్టె కొలతలు?

లోపల వెడల్పు 109 మిల్లీమీటర్లు, అంటే కార్డుకి రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్ల సందు. వానాకాలంలో అట్ట కాస్త ఉబ్బుతుంది, ఈ సందు లేకపోతే కార్డు పట్టేసుకుంటుంది. లోపల పొడవు 130. రెండొందల కార్డులు పేర్చితే మూడంగుళాల పైచిలుకు మందం వస్తుంది, మిగతాది కార్డులు వెనక్కి వాలడానికి. ఈ ఖాళీ జాగా దండగ అనుకోవద్దు, కార్డులు వాలకపోతే రాసింది కనిపించదు.

ముందు పలక ఎత్తు 40 మాత్రమే, వెనక పలక 70, పక్క పలకలు ఏటవాలుగా. వెనక పలకని కొంచెం వెనక్కి వంచి బిగించమని కార్పెంటరుకి చెప్పండి. ఆయన "నేరుగా పెడితేనే అందం" అంటాడు, వినొద్దు. 6 ఎంఎం ప్లైవుడ్ చాలు. అడుగున నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించండి, లేదంటే ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో వెతికేటప్పుడు పెట్టె టేబుల్ మీద జారిపోతుంది.

లైబ్రరీ డ్రాయర్లలో కార్డుల కింద చిల్లు వేసి ఇనుప కడ్డీ దూర్చి ఉండేది, గుర్తుందా? అది మనకొద్దు. ఎవరూ కార్డు పట్టుకుపోకూడదని వాళ్ళకి ఆ కడ్డీ. మనకి కార్డు తీసి చేతిలో పట్టుకుని నెంబరు కొట్టుకోవడమే కదా కావాల్సింది.

ఏ బీ సీ డీ ట్యాబులా, అ ఆ ఇ ఈ ట్యాబులా?

రెండూ చేసి చూశాను, రెండూ దెబ్బతిన్నాయి.

మొదట షాపులో దొరికే రెడీమేడ్ ఏ టు జెడ్ ట్యాబులు తెచ్చా. క్యూ, ఎక్స్, జెడ్ వెనక ఒక్క కార్డు లేదు. ఎం, ఎస్, వీ వెనక కుక్కి కుక్కి పెట్టాను. అదీగాక మా నాన్నకి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి గానీ వరస కూడబలుక్కోవాలి, 'ఆర్' తర్వాత ఏదని లోపల్లోపల పాడుకుంటే తప్ప చేయి కదలదు.

సరే అని తెలుగు వర్ణమాల ప్రకారం చేశా. ఇంకా ఘోరం. ఙ, ఞ, ణ, ఱ లతో మొదలయ్యే మనిషి భూప్రపంచంలో ఎవరున్నారు చెప్పండి. శ వేరు, ష వేరు, స వేరు పెడితే శ్రీనివాసులు ఒకచోట, అదే మనిషి సీనయ్యగా ఇంకోచోట. ఎల్లమ్మని ఎ కింద వెతకాలా య కింద వెతకాలా? వెంకటేశుని మా ఊళ్ళో సగంమంది ఎంకటేసు అనే పిలుస్తారు.

మూడోసారి బుద్ధి వచ్చింది. ట్యాబులు చేయకముందే పేర్లన్నీ ఒక కాగితం మీద లెక్కేశాను. నూట ఎనభై చిల్లర పేర్లు. ఏ అక్షరానికి ఎన్ని గీతలు పడ్డాయో చూసి, దాన్నిబట్టి గదులు పంచాను (గది అంటే ఒక ట్యాబు వెనక ఉండే కార్డుల వరస). కార్డులు మరీ ఎక్కువైతే ఆ గది రెండుగా చీల్చు, మూడుకి తగ్గితే పక్కదాంట్లో కలుపు. మాకు వచ్చిన వరస ఇది: అచ్చులన్నీ ఒకటి, క, గ, చ-జ, ట నుంచి ధ వరకు ఒకటి, న, ప, బ-భ, మ, ముని, య-ర, ల, వ, వెంకట, శ-స, శ్రీ-సీను, సుబ్బ, హ. మొత్తం పద్దెనిమిది.

'ముని'కి ప్రత్యేకంగా ఒక ట్యాబా?

మీరు కోస్తా వాళ్ళయితే నవ్వొస్తుంది. చిత్తూరు వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మునిరత్నం, మునెయ్య, మునస్వామి, మునికృష్ణ, మునిరాజ, మునెమ్మ, మునిలక్ష్మి, ఒక్కో పేరుకి మళ్ళీ ముగ్గురేసి. 'మ' అనే ఒక్క ట్యాబు వెనక ముప్పైకి పైగా కార్డులుండేవి, అందులో సగం మునులే. వెంకన్న కొండ కింద ఉన్నాం కాబట్టి 'వ'కీ అదే గతి. మీ ఊళ్ళో ఏ దేవుడి పేరు ఎక్కువో ఆ దేవుడికి ఒక గది ఇవ్వండి. నా పద్దెనిమిది ట్యాబులు యథాతథంగా ఎత్తి రాసుకోవద్దు, మీ లెక్క మీరే వేసుకోవాలి.

వెంకటమునిని ఎక్కడ పెట్టాలని అడుగుతారని తెలుసు. తర్వాతి ప్రశ్న చూడండి.

ఇంటిపేరు ముందు రాయాలా, అసలు పేరు ముందు రాయాలా?

రెండూ కాదు. పిలుపు ముందు రాయాలి. ఫోన్ చేయాలనుకున్న క్షణంలో నోటికి వచ్చే మాట ఏదో అదే కార్డు మీద పెద్దగా ఉండాలి, దాని మొదటి అక్షరంతోనే వరసలో పెట్టాలి. మా దగ్గర ఇంటిపేరుతో వెతికితే పని జరగదు. పేరు ముందున్న ఇనీషియల్ కొందరికి ఇంటిపేరు, కొందరికి తమిళుల పద్ధతిలో నాన్న పేరు, ఏది ఏదో అడిగితే తప్ప తెలియదు. వెంకటమునిని మా నాన్న 'ముని' అంటాడు, కాబట్టి ముని గదిలో ఉన్నాడు. అతని ఆధార్ కార్డులో ఏముందో నాకు అనవసరం.

ఒకే మనిషిని ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా పిలుస్తుంటే? మా అమ్మకి ఆయన 'పాల సుబ్బయ్య', నాకు 'పాలాయన'. అప్పుడు రెండో పిలుపుకి కూడా ఒక కార్డు పెట్టి, నెంబరు రాయకుండా 'సుబ్బ గదిలో చూడు' అని మాత్రం రాయండి. నెంబరు రెండుచోట్ల రాస్తే మారినప్పుడు ఒకచోటే దిద్దుతారు, నేను చేసి చూశా.

పనివాళ్ళని పేరుతో పెట్టాలా, పనితో పెట్టాలా?

ప్లంబరు పేరు ఎవరికి గుర్తుంటుంది? పైపు పగిలి నీళ్ళు పోతుంటే 'ప్లంబర్' అనే మాటే తడుతుంది. అక్షరాల గదులన్నిటికంటే ముందు, ఎర్ర అట్టతో ఒక గది చేసి ప్లంబరు, కరెంటు, గ్యాసు, ఆటో, బోరు లారీ, క్రేన్ అన్నీ అక్కడ పెట్టాం.

కార్డు మీద ఏమేం రాయాలి?

మాదొకటి చూపిస్తాను. పై వరసలో ఎడమవైపు పెద్ద అక్షరాలతో 'సీనన్న', పక్కనే చిన్నగా 'రాగి తీగ'. కింద పూర్తి పేరు, ఊరు 'శ్రీకాళహస్తి'. మధ్యలో నెంబరు, ఒక్కో అంకె చిటికెన వేలి గోరంత, కళ్ళజోడు లేకుండా నాన్న చదవగలిగినంత. దాని కింద 'మధ్యాహ్నం 2 నుంచి 4 ఎత్తడు'. ఆ కింద 'లేకపోతే భార్య', ఇంకో నెంబరు. కుడి మూలలో పెన్సిల్‌తో రాసిన తేదీ. వెనక వైపు 'మాటకి నిలబడతాడు, బిల్లు మాత్రం చూసుకో'. ఇది నాన్న సొంత చేతిరాత.

'ఎప్పుడు ఎత్తడు', 'లేకపోతే ఎవరికి' అనే ఈ రెండు వరసలు ఏ రెడీమేడ్ ఇండెక్స్‌లోనూ ఉండవు, రోజూ పనికొచ్చేవి మాత్రం అవే. పుట్టినరోజులు, ఈమెయిళ్ళు, ఏ కంపెనీ సిమ్ము లాంటివి అక్కర్లేదు. 2011 నుంచి నెంబరు మార్చకుండానే కంపెనీ మారొచ్చు కాబట్టి సిమ్ము సంగతి రాసినా రేపటికి తప్పు కావచ్చు. అడ్రసులో జిల్లా పేరు కూడా వదిలేశాను. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా వేరే అయ్యాక సగం కార్డుల మీద 'చిత్తూరు జిల్లా' అని ఉన్నదంతా దిద్దాల్సి వచ్చేది, ఊరి పేరు మాత్రమే రాశాను కాబట్టి బతికిపోయా.

నెంబరుని విడదీసి రాయాలా, కలిపి రాయాలా?

ఐదు, ఐదుగా విడదీసి, మధ్యలో ఒక వేలి మందం ఖాళీ. పది అంకెలు కలిపి రాస్తే మధ్యలో రెండు సున్నాలు వచ్చినచోట కన్ను తప్పుతుంది. ఒకటికీ ఏడుకీ తేడా తెలియడానికి ఏడుకి నడుము దగ్గర చిన్న అడ్డగీత పెట్టండి.

ల్యాండ్‌లైన్ అయితే కోడ్ తప్పకుండా రాయాలి. తిరుపతి 0877, ఆ తర్వాత ఏడు అంకెలు. చిత్తూరు 08572, ఆ తర్వాత ఆరే. మొదటి సున్నా పక్కన పెడితే రెండు చోట్లా మొత్తం పదే, సెల్ నెంబరు లాగానే. కాబట్టి లెక్కపెట్టి పది రాకపోతే ఎక్కడో అంకె పోయినట్టే. మా షాపులో ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. దాని నుంచి సెల్లుకి చేయాలంటే ముందు సున్నా కొట్టాలని 2021 జనవరి 15 నుంచి రూలు వచ్చింది. ప్రతి కార్డు మీదా సున్నా రాయకుండా పెట్టె ముందు పలక మీదే ఒక్కసారి రాసి అంటించా.

కువైట్‌లో ఉన్నవాళ్ళ నెంబరు 965 తర్వాత ఎనిమిదే అంకెలు. తక్కువున్నాయని మీరే ఒక సున్నా కలపొద్దు. మా పిన్ని కలిపింది.

పెన్నా, పెన్సిలా?

పేరు బాల్‌పెన్నుతో, నెంబరు పెన్సిల్‌తో. పేరు మారదు, నెంబరు మారుతుంది. జెల్ పెన్ను సంగతి పైన చెప్పాను.

ఎమర్జెన్సీ నెంబర్లు ఎక్కడ పెట్టాలి?

పెట్టెలో కాదు, పెట్టె మీద. ముందు పలకకి బయటివైపు అంటించండి: ఏ ఆపదకైనా 112, అంబులెన్సు 108, ఫైరు 101, కరెంటు పోతే 1912, డబ్బు మోసం జరిగితే 1930. ఆ 1930కి ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ, వెతుక్కునే టైము ఉండదు. మీ ఇంటి డాక్టరు నెంబరు, రోజూ వాడే ఆటో అతని నెంబరు కూడా అక్కడే.

ఏం రాయకూడదు?

ఏటీఎం పిన్ను, పాస్‌వర్డులు, బ్యాంకు అకౌంటు నెంబర్లు. పెట్టె నలుగురూ తిరిగే చోట ఉంటుంది. బ్యాంకు కస్టమర్ కేర్ నెంబరు రాసుకోవాలనుకుంటే ఏటీఎం కార్డు వెనక ఉన్నది చూసి రాయండి, నెట్‌లో వెతికి రాయొద్దు, అక్కడ దొంగ నెంబర్లు చాలా ఉన్నాయి. ఆడపిల్లల నెంబర్లు కౌంటర్ మీది పెట్టెలో పెట్టలేదు, అవి ఇంట్లో ఉన్న ఇంకో చిన్న డబ్బాలో ఉన్నాయి.

పెట్టె పోతే? తడిస్తే?

జిరాక్స్. ఏ4లో నుంచి ఎనిమిది కోశాం కదా, అద్దం మీద ఎనిమిది కార్డులు పక్కపక్కన పేర్చితే సరిగ్గా ఒక షీటు. రెండొందల కార్డులకి ఇరవై ఐదు పేజీలు. ఏడాదికోసారి గంగమ్మ జాతర సెలవులప్పుడు తీయించి పిన్ను కొట్టి ఇంట్లో బీరువాలో పెడతాం. పెన్సిల్ రాత పల్చగా వస్తుంది, కాపీ కొంచెం ముదురుగా తీయమని చెప్పాలి.

ఇదంతా కంప్యూటర్లో ఎక్సెల్‌లో చేసుకుంటే పోలా?

చేసుకోండి, తప్పేం లేదు. కాకపోతే నెంబర్ల కాలమ్‌ని ముందే 'టెక్స్ట్'గా మార్చుకోండి. లేకపోతే 0877లో సున్నా మాయమవుతుంది, 91తో మొదలుపెట్టిన పన్నెండు అంకెల నెంబరు ఏదో ఈ ప్లస్ పదకొండు అని సైన్సు లెక్కలా కనిపిస్తుంది. తెలుగులో సార్ట్ కొడితే శ, స వేరు వేరుగానే వస్తాయి, కాబట్టి 'పిలుపు' అని వేరే కాలమ్ పెట్టి సీనన్నని మీరే సరిచేసుకోవాలి. మా నాన్న మౌస్ ముట్టడు, అందుకని మా ఇంట్లో ఇది నడవలేదు.

అక్షరం దగ్గరికి ముల్లు జరిపి నొక్కితే టక్కున తెరుచుకునే ఇనుప ఇండెక్స్ ఉండేది, అది మంచిది కాదా?

నొక్కడం సరదాగా ఉంటుంది, చిన్నప్పుడు ఎవరి టేబుల్ మీదైనా కనిపిస్తే నేను వదిలేవాణ్ణి కాదు. 1950లలో అమెరికాలో తిరిగే చక్రానికి కార్డులు గుచ్చిన రోలోడెక్స్ తెచ్చిన ఆర్నాల్డ్ న్యూస్టాడ్టర్, అంతకుముందు అమ్మింది ఇలాంటి ముల్లు పెట్టెనే. ముల్లు పెట్టెలో ఒక్కో అక్షరానికి ఒకే పేజీ, మళ్ళీ మన 'ముని' గొడవే. చక్రం పద్ధతి బాగుంటుంది, కార్డు ఊడదీసి మార్చొచ్చు, కానీ మన కార్పెంటరు చేసిచ్చేది కాదు.

ఎర్రచందనంతో చేయించుకోవచ్చా?

ఇది అడిగింది మా బావమరిది. శేషాచలం పక్కన కూర్చుని అడగాల్సిన ప్రశ్నేనా ఇది. ప్లైవుడ్ చాలు బావా.

మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

పెట్టె కోసం ఆగొద్దు. నేను నాలుగు నెలలు చెప్పుల అట్టపెట్టెతోనే నడిపాను, గదులు ఎలా పంచాలో అందులోనే తెలిసింది. రోజూ వచ్చే ఫోన్లలో ఐదుగురికి కార్డు రాయండి చాలు, నలభై రోజుల్లో రెండొందలు అవుతాయి. ఒకే ఆదివారం కూర్చుని ఫోన్లో ఉన్నవన్నీ ఎక్కించేద్దామనుకుంటే మాత్రం ఎప్పుడో టెంట్ హౌస్ అతనికి, పదేళ్ళ కింద చూసిన పెళ్ళిళ్ళ బ్రోకరుకి కూడా కార్డు రాస్తారు.

మనిషి పోతే కార్డు తీసేయాలా?

నెంబరు మాత్రం చెరిపేయండి. వాడకం ఆగిపోయిన నెంబరుని కనీసం 90 రోజులు ఆగి కంపెనీలు ఇంకొకరికి ఇచ్చేస్తాయి, తెలియక చేస్తే ఎవరో కొత్త మనిషి ఎత్తుతాడు. దాని స్థానంలో కొడుకుదో కూతురిదో నెంబరు రాసుకోండి, వాళ్ళకి ఫోన్ చేయాల్సినప్పుడు మనకి గుర్తొచ్చేది పెద్దాయన పేరే.

అలా రాయడానికి ఎవరూ లేని కార్డులు మా పెట్టెలో తొమ్మిది ఉన్నాయి. పడేద్దామని నేను బయట పెడితే నాన్న మళ్ళీ లోపల పెట్టేశాడు, 'హ' తర్వాత, ఏమీ రాయని ట్యాబు వెనక. అందుకే పొడవు 130 కంటే తగ్గించొద్దని చెప్పేది.